గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే ముందు షుగర్ చూడండి



బొమ్మనహళ్ళి షెడ్లలో నీళ్ళు తాగితే టాయిలెట్‌కు వెళ్ళాలి, టాయిలెట్‌కు వెళితే ప్రొడక్షన్ పడిపోతుంది, సూపర్‌వైజర్ నోరు లేస్తుంది. అందుకే మన ఆడవాళ్ళు దాహాన్ని అణచుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఒకటుంది.

క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ అనే వైద్యం వచ్చింది. దీనికి దారి వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రోగంతో పోరాడే కణాలకు ఒంట్లో బ్రేకులుంటాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు ఆ బ్రేకు విప్పి కణాలను క్యాన్సర్ మీదికి వదులుతాయి. బ్రేకు లేని మిషను ఏం చేస్తుందో మిల్లులో పనిచేసిన మాకు తెలుసు. నూటికి సుమారు ఒకరిలో ఆ కణాలు క్లోమం మీద కూడా పడి, ఇన్సులిన్ తయారయ్యే చోటునే నాశనం చేస్తాయి. ఇది స్వీట్లు తిని తెచ్చుకున్న షుగర్ కాదు. మాత్రలతో, ఆకు పసర్లతో నడవదు. జీవితాంతం ఇన్సులిన్ వేసుకోవలసిందే.

అంత ఖరీదు మందు మనకెక్కడిది అనకండి. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగులకు మామూలు మందులతో పాటు నివోలుమాబ్‌ను పదో వంతు కంటే తక్కువ మోతాదులో ఇచ్చారు. ఏడాది దాటి బతికినవారు నూటికి 16 నుండి 43కు పెరిగారని 2022లో ప్రకటించారు. గుట్కా నమిలే మనవాళ్ళకు వచ్చేది ఎక్కువగా ఆ క్యాన్సరే. కాబట్టి మందుకు భయపడి మానమని మేము చెప్పడం లేదు.

చిక్కంతా ఇక్కడుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వస్తే ఇంట్లోవాళ్ళు "క్యాన్సర్ నీరసం" అనుకుంటారు. సందు చివరి క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్ అడిగి మరీ ఎక్కించుకుంటాం. షుగర్ మండిపోతున్న ఒంటికి అది విషం. వేలి చుక్కతో షుగర్ చూడడానికి ఒక నిమిషం చాలు. ఎక్కువగా ఉంటే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూడు నెలల సగటు చూపే పరీక్ష బాగుందని ఊరుకోవద్దు, ఇది రోజుల్లో ముంచుకొస్తుంది. మందు మొదలైన కొన్ని వారాలకు రావచ్చు, ఏడాది దాటాకా రావచ్చు.

క్యాన్సర్ వైద్యం తీసుకుంటూ పనికి వచ్చేవారికి నీళ్ళకు, టాయిలెట్‌కు అడ్డు చెప్పరాదని, ప్రతి షెడ్డు ఫస్ట్ ఎయిడ్ గదిలో షుగర్ మిషను పెట్టాలని యాజమాన్యాలను డిమాండ్ చేస్తున్నాం. ఇన్సులిన్ వేసుకోవడానికి, వేళకు తినడానికి విరామం ఇవ్వాలి. దానికి జీతం కోయకూడదు.

ఇమ్యునోథెరపీ తీసుకునేవారు మందు పేరు రాసిన చీటీని ఐ.డి. కార్డు వెనక పెట్టుకోండి. పక్క మిషను మీద ఉన్నవారికి కూడా చెప్పి ఉంచండి.

– కార్యదర్శి