ముందస్తు సీటు, వెనుకబడిన లెక్క

పద్మావతీ పరిణయమునకై శ్రీనివాసుడు కుబేరుని యొద్ద ఋణము గొనెననియు, ఆ వడ్డి నేటికిని తీరలేదనియు స్థలపురాణము చెప్పును. ఆ దేవి కొలువైన తిరుచానూరులో ఈనాడు పెండ్లితో సమానముగా గృహస్థుని అప్పునకు పురికొల్పు శుభకార్యము ఇంజనీరింగు సీటు. అందునను ముందుగా దొరకు సీటు.

వేసవి ముదురకముందే పెక్కు ప్రైవేటు విశ్వవిద్యాలయములు తమ ప్రవేశపరీక్షలు ముగించి, సీటు కేటాయించితిమి, ఇన్ని దినములలో అడ్వాన్సు కట్టుడని విద్యార్థి ఫోనునకు వర్తమానము పంపును. రాష్ట్రపు ఈఏపీసెట్ సాధారణముగా మే మాసమున జరుగగా, కౌన్సెలింగు ఇంచుమించు జూలై నాటికిగాని మొదలుకాదు. ఈ నడిమి కాలమున తల్లిదండ్రులను పట్టి పీడించు భయమే అడ్వాన్సు కట్టించుచున్నది.

అయితే ఫీజు రీయింబర్స్‌మెంటు, వార్షికాదాయము 2.5 లక్షల రూపాయలకు మించని కుటుంబములలో ఆ కౌన్సెలింగు ద్వారా కన్వీనరు కోటా సీటు పొందినవారికే దక్కును. మేనేజ్‌మెంటు కోటాకు వర్తింపదు. కావున సహాయము ఎవనికి అత్యవసరమో వాడు తొందరపడినచో దానికి దూరమగును. సహాయముతో నిమిత్తము లేనివానికి ఆ తొందర యొక సౌకర్యము. ముందస్తు ప్రవేశములోని అన్యాయమంతయు ఇందే యిమిడియున్నది.

ర్యాంకుపై నమ్మకము లేని పిల్లవానికి చేతనున్న సీటు ధైర్యమిచ్చుననుట నిజమే. పైకము తిరిగి వచ్చునుగదా యనువారును కలరు. 2024–25లో సెప్టెంబరు 30 లోపల సీటు వదలుకొనినవారికి పూర్తి ఫీజు మరలింపవలెనని యూజీసీ ఆదేశించిన మాటయు సత్యమే. కాని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన తండ్రికి అసలు చేతికి వచ్చినను, ఆ నెలల వడ్డీ నిచ్చువారెవరు? అదిగాక ట్యూషను ఫీజు స్ఫుటముగా కనబడు పత్రములో హాస్టలు, మెస్సు, కాషన్ డిపాజిట్టు వేర్వేరు వరుసలలో నుండి, నాలుగేండ్ల మొత్తము కూడి చూపుట అరుదు.

అమెరికాలోను ఈ చిక్కు కలదు. అచటి నిర్బంధ ముందస్తు పద్ధతిలో చేరుదునని నవంబరుననే మాట యిచ్చిన విద్యార్థి, పలు కళాశాలల ఆర్థికసహాయమును సరిపోల్చుకొను అవకాశమును కోల్పోవును. ముందస్తు ప్రవేశములు కలిమిగలవారికే మేలు చేయుచున్నవని హార్వర్డు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములు 2006లో వానిని విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించెను. పోటీ సంస్థలలో పెక్కు వెంటరాకపోగా 2011లో మరల చేపట్టెను. ఒక సంస్థ సద్బుద్ధి చాలదు, అందరికిని వర్తించు నియమము కావలెనని దీనివలన తేలుచున్నది.

కావున రాష్ట్ర ఉన్నత విద్యామండలి కౌన్సెలింగును ముందునకు జరుపవలెను; నాలుగేండ్ల మొత్తమును, లభించు సహాయమును తెలుపక ఏ సంస్థయు అడ్వాన్సు గోరరాదని ప్రభుత్వము శాసింపవలెను. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకము, 8 లక్షల వరకు ఆదాయముగల కుటుంబములకు 10 లక్షల వరకు ఋణముపై 3 శాతము వడ్డీ రాయితీ నిచ్చుచున్నను, అది ఎంపికచేసిన సంస్థలకే పరిమితము; ఆ పట్టికను అడ్వాన్సుకు ముందే చూడవలెను. గడువు రేపటితో తీరుననువారిని, నాలుగేండ్ల లెక్క నేడే వ్రాసి యిండని అడుగుటకు ఏ తండ్రికిని సంకోచము అక్కరలేదు.