శ్రుతి చేయడం నేర్పని గిటారు పాఠం



తెలుగు పండితునికి గిటారుతో ఏమి పని అని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. నిజమే, నాకు గిటారు వాయించడం రాదు. ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో పద్యం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అయితే బడిలో ఒక విద్యను ఎలా నేర్పరాదో నాకు బాగా తెలుసు. అలా నేర్పినవారిలో నేనూ ఒకడిని. ఆ అర్హతతోనే ఈ టపా వ్రాస్తున్నాను. కాస్త ఘాటుగా ఉంటే మన్నించగలరు.

ఈమధ్య మా మనుమరాలి బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. అమ్మాయి ఆరవ తరగతి. బడి పేరు ఇక్కడ అప్రస్తుతం. వేదిక మీద ఇరవై నలుగురు పిల్లలు మెడలో గిటార్లు వేసుకుని వరుసగా నిలబడ్డారు. ఒక సినిమా పాట మొదలైంది. హాలు దద్దరిల్లింది. తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయి మెల్లగా అంది: "తాతయ్యా, మా గిటార్లు ఎవరికీ వినపడలేదు. మీరు విన్నది పెన్ డ్రైవులో పాట. తీగలను గట్టిగా మీటవద్దని సారు చెప్పారు."

"ఎందుకమ్మా?"

"శ్రుతి తప్పి ఉన్నాయిట."

"మరి మీరు శ్రుతి చేసుకోలేదా?"

"అది సారే చేస్తారు. మాకు నేర్పలేదు."

ఎనిమిది నెలలు, వారానికొక పీరియడు, ప్రత్యేక రుసుము. ఇంత జరిగిన తరువాత ఆ పసిదానికి తన వాద్యం శ్రుతిలో ఉన్నదో లేదో తెలియదు. తెలిసినా సరిచేసుకోలేదు. ఆపైన, వాయించినట్లు నటించడం మాత్రం వచ్చింది. నా బాధ అంతా ఇదే. బిరడా తిప్పడం నేర్పకుండా పాట నేర్పే గిటారు పాఠం సంగీత పాఠం కాదు, అది వేషధారణకు తర్ఫీదు.

ఇది చదివి, "పంతులుగారికి పాశ్చాత్య వాద్యమంటే గిట్టదు" అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వయొలిన్ మాత్రం మన పెరట్లో మొలిచిందా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని చేపట్టారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది విజయనగరం సొత్తయింది. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్‌నే ఇంటిపేరుగా చేసుకున్నాడు. గిటారు మెడ మీద పన్నెండు మెట్లు ఎక్కితే ఒక స్థాయి పూర్తవుతుంది. మన స్వరస్థానాలూ పన్నెండే. వీణకు ఇరవై నాలుగు మెట్లు, అంటే రెండు స్థాయిలు. ఈ లెక్క తెలిసినవాడికి గిటారు పరాయిది ఎలా అవుతుంది? పిల్లలు గిటారు నేర్వాలి. సరిగా నేర్వాలి. అంతే నా కోరిక.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? మనుమరాలి పుస్తకం తెప్పించి చూశాను. ఆరు గీతలు, వాటి మీద అంకెలు. ఏ తీగను ఏ మెట్టు దగ్గర నొక్కాలో చెప్పే పద్ధతి ఇది. దీనిని ట్యాబ్ అంటారట. పద్ధతిలో దోషం లేదు. ఐరోపాలో ల్యూటు వాద్యకారులు పదహారవ శతాబ్దంలోనే ఇటువంటి లిపి వాడారు. కాని ఆ పుస్తకంలోని అంకెలు వేలు ఎక్కడ పెట్టాలో మాత్రమే చెబుతున్నాయి. ఎంతసేపు నిలపాలో చెప్పవు. పలికిన స్వరం సరైనదా కాదా అన్నది అసలే చెప్పవు. తీగ వదులైపోతే, సరైన అంకె దగ్గర నొక్కినా తప్పు స్వరమే పలుకుతుంది. చెవి లేని పిల్లవాడు "అంకె సరిపోయింది గదా" అని సంతోషిస్తాడు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ముప్పది నాలుగేండ్లు నేను ఛందస్సును ఇలాగే చెప్పాను. నల్లబల్ల మీద గురులఘువుల గుర్తులు పెట్టించాను. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ, పదవ అక్షరం యతి అని వల్లె వేయించాను. పిల్లలకు మార్కులు వచ్చాయి. వారిలో ఎందరు ఒక పద్యం వినగానే "ఇది ఉత్పలమాల నడక" అని గుర్తుపట్టగలరు? ఎక్కడ గణం తప్పిందో చెవితో ఎందరు పట్టగలరు? వేళ్ళ మీద లెక్కించవచ్చు. పద్యాన్ని చెవికి చెప్పవలసినది, నేను కంటికి చెప్పాను. విశ్రాంతి తీసుకున్న తరువాత తెలిసింది. గిటారు మాస్టర్లకు ముందే తెలియాలని నా తాపత్రయం.

"నలభై నిమిషాల పీరియడులో ఇరవై నలుగురికి శ్రుతి చేయడం నేర్పుతూ కూర్చుంటే పాట ఎప్పుడు చెప్పాలి?" అని వారు అడుగుతారు. లెక్క వేద్దాం. ఒక్కొక్క గిటారును మాస్టరే శ్రుతి చేస్తే, గిటారుకు ఒక్క నిమిషం చొప్పున ఇరవై నాలుగు నిమిషాలు పోయాయి. మిగిలినవి పదహారు. ఇది ఏడాది పొడవునా ప్రతి వారమూ జరిగే నష్టం. పిల్లలకు మొదటి రెండు నెలల్లో శ్రుతి నేర్పితే ఆ ఇరవై నాలుగు నిమిషాలు మిగతా ఏడాదంతా వారివే. కాలం లేదన్న వాదం నాకే అనుకూలంగా ఉన్నది.

"పసిపిల్లలకు అది కష్టం" అనేది రెండవ వాదం. సరళీ వరుసలు వచ్చిన పిల్లకు ఇందులో కష్టమేమున్నది? లావు తీగ నుండి సన్న తీగ వైపు రండి. ఏ తీగను షడ్జమం అనుకున్నా, దాని పక్కనున్న సన్న తీగ శుద్ధ మధ్యమం పలకాలి. మూడవ తీగకూ రెండవ తీగకూ నడుమ మాత్రం అంతర గాంధారం. సరళీ వరుసలు రానివారికి మరో దారి ఉన్నది. ఐదవ మెట్టు దగ్గర నొక్కితే పక్క తీగ స్వరం వస్తుంది. ఆ ఒక్క మూడవ తీగ మీద మాత్రం నాలుగవ మెట్టు. రెండు స్వరాలూ కలిసేవరకు బిరడా తిప్పడమే. ఫోనులో ట్యూనరు ఉన్నది గదా అంటారా? ఉండనివ్వండి. ముందు చెవితో కలిపి, తరువాత ఫోనుతో సరిచూసుకోమనండి. ఫోను పరీక్షాధికారిగా ఉండవచ్చు, చెవికి బదులుగా ఉండరాదు.

"పాట లేకపోతే పిల్లలకు విసుగు" అనేది మూడవ వాదం. పాట వద్దని ఎవరన్నారు? పై మూడు తీగలు మాత్రమే మీటుతూ, ఒక్క వేలితో సి కార్డ్, ఒక్క వేలితో జి కార్డ్ పట్టవచ్చునట. ఆ రెండింటితోనే సాగే బాలగేయాలు ఉన్నాయి. చేతులతో తాళం వేయించి, అదే తాళానికి మీటించండి. నాలుగు వేళ్ళ సినిమా పాటను మూడవ నెలలోనే రుద్దితే విసుగు పుట్టక ఏమి పుడుతుంది?

వాద్యం సంగతి కూడా చెప్పాలి. పెద్దవారి క్లాసికల్ గిటారులో తీగ పలికే నిడివి సుమారు 65 సెంటీమీటర్లు. పదేండ్ల పిల్లకు అది చేతికి అందదు. పిల్లల కోసం చిన్న పరిమాణపు గిటార్లు ఉన్నాయి. మెత్తని నైలాన్ తీగలు ఉన్నాయి. మా అమ్మాయి చేతికి ఇచ్చినది ఉక్కు తీగల పెద్ద గిటారు. వ్రేళ్ళ కొనలు ఎర్రగా కంది ఉంటే, "నొప్పి లేకుండా విద్య వస్తుందా" అన్నారట. కొంత నొప్పి తప్పదు, ఒప్పుకుంటాను. కొలతకు సరిపడని వాద్యం వల్ల కలిగే నొప్పి మాత్రం సాధన కాదు, నిర్లక్ష్యం.

ఆ మాస్టరు మీద నాకు కోపం లేదు. నాలుగు బడులు తిరిగితే గాని ఆయనకు ఇల్లు గడవదు. "వార్షికోత్సవానికి అంశం కావాలి" అని యాజమాన్యం అడుగుతుంది. "మావాడికి పాట ఎప్పుడు వస్తుంది?" అని తల్లిదండ్రులు అడుగుతారు. "మావాడికి చెవి కుదిరిందా?" అని ఏ ఒక్కరూ అడగరు. 2020 నాటి జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకూ కళలకూ నడుమ గోడ ఉండరాదని చెప్పింది. గోడ తీసివేయడమంటే ఏడాదికొక వేదిక కట్టడం అని మన బడులు అర్థం చేసుకున్నాయి కాబోలు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవంలో పెన్ డ్రైవు తీసి పక్కన పెట్టండి. తెర లేచిన తరువాత పిల్లలు మా ఎదుటనే, ఒకరి తరువాత ఒకరు, తమ తీగలు శ్రుతి చేసుకోనివ్వండి. సమయం పడుతుంది. పట్టనివ్వండి. ఆపైన రెండే కార్డులతో ఒక బాలగేయం వాయించనివ్వండి. నాలుగు చోట్ల తప్పు పోతుంది. పోనివ్వండి. ఆ తప్పు పిల్లలదే అయి ఉంటుంది, వినిపించిన నాదమూ వారిదే అయి ఉంటుంది. ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే బాధ్యత నాది.

ప్రస్తుతం మా ఇంట్లో ప్రతి సాయంత్రం ఐదవ మెట్టు, పక్క తీగ, ఐదవ మెట్టు, పక్క తీగ. నిన్న అమ్మాయి చటుక్కున ఆగి, "తాతయ్యా, ఇది కొంచెం కిందికి ఉంది కదూ?" అన్నది. నాకు తెలియలేదు. ఆమె బిరడా తిప్పింది. అప్పుడు తెలిసింది.

మీలో గిటారు నేర్పేవారు గాని, పిల్లలకు నేర్పిస్తున్నవారు గాని ఉంటే మీ అనుభవాలు వ్యాఖ్యలలో వ్రాయగలరు. నా లెక్కలో తప్పుంటే నిర్మొహమాటంగా దిద్దండి. ఈ వయసులో దిద్దించుకోవడం కూడా ఒక శ్రుతి చేసుకోవడమే.

స్వస్తి.