మన రాజధానిని మనం చూశామా?

ఉద్దానంలో ఏ ఊరి బడి పిల్లల్నైనా ఆపి అడగండి. విహారయాత్రకు ఎక్కడికెళ్లారంటే విశాఖ అంటారు, అరకు అంటారు. కాస్త ఫీజులు ఎక్కువ గుంజే కాలేజీ అయితే హైదరాబాద్. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ, మేలిముసుగు రెబెక్కా, గోల్కొండలో చప్పట్ల చోటు. అన్నీ చూడదగ్గవే, కాదనం. కానీ కవిటి నుంచో, సోంపేట నుంచో బయల్దేరిన ఆ బస్సు పలాస, టెక్కలి దాటి నరసన్నపేట మీదుగానే పోతుంది కదా! అక్కడ కుడిచేతి వైపు తిరిగితే ఏ ఊరొస్తుందో బస్సులో ఉన్న మాస్టారు పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

వచ్చేది శ్రీముఖలింగం. ఇవాళ జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఒక పల్లె. ఒకప్పుడది కళింగనగరం. తూర్పు గాంగులకు ఐదారు వందల ఏళ్లు రాజధాని. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడి ఏలుబడి ఇక్కడే మొదలైంది. ఆ తర్వాతే రాజధాని కటకానికి మారింది. పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టిందీ ఆయనే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడిదీ ఆ వంశమే. మన పల్లెల నుంచి ఏటా పూరీకి రైలెక్కే జనానికి లెక్కలేదు. ఆ గుడి కథ తమ జిల్లాలో మొదలైందని వాళ్లలో ఎందరికి తెలుసు?

రాజధాని మాటొస్తే ఈ రాష్ట్రంలో అందరూ చరిత్రకారులే. 2015లో అమరావతికి శంకుస్థాపన చేస్తూ శాతవాహనుల్ని తలుచుకున్నారు. 2020లో మూడు రాజధానుల చట్టం తెచ్చి, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవంతటిలో కళింగనగరం పేరు ఎవరి నోట్లోంచైనా వచ్చిందా? వాళ్ల సంగతి సరే, మన నోట్లోంచి వచ్చిందా?

ముఖలింగానికి మనవాళ్లు వెళ్లరని కాదు. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి వంశధారలో ఇసక వేస్తే రాలనంత జనం. ఒడిశా నుంచి వస్తారు, కొండల మీంచి సవరలు వస్తారు. ఇప్పచెట్టు మొదలులోంచి శివుడు వెలిశాడనీ, అందుకే మధుకేశ్వరుడయ్యాడనీ చెప్పే కథలో సవరలకు కూడా చోటుంది. స్నానం చేస్తాం, దర్శనం చేసుకుంటాం, జీళ్లు కొనుక్కుని ఇంటికొస్తాం. గుడి చుట్టూ ఒక్కసారి నిదానంగా తిరిగి, గోడ మీద ఏముందో చూసిన వాళ్లెందరు?

చూస్తే తెలుస్తుంది. మధుకేశ్వరాలయం, భీమేశ్వరాలయం, సోమేశ్వరాలయం అని అక్కడ మూడు గుళ్లు. మూడూ కళింగ పద్ధతిలో కట్టినవి. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, ఒంటి శిఖరం నిటారుగా నిలబడి ఉంటుంది. భీమేశ్వరాలయం బాగా దెబ్బతింది. మధుకేశ్వరాలయం గోడలూ స్తంభాలూ శాసనాలతో నిండి ఉన్నాయి, సంస్కృతంలోనూ తెలుగులోనూ. ఫలానావాడు అఖండదీపానికి ఇన్ని మాడలు ఇచ్చాడు, ఫలానా ఆమె ఇంత దానం చేసింది అని. ఇవన్నీ 1925లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో ఉన్నాయి. శ్రీకూర్మం శాసనాలు కూడా అందులోనే. అంటే మన తాతముత్తాతల పేర్లు, వాళ్ల భూములు, వాళ్ల నాణేలు, వాళ్ల తెలుగు నూరేళ్ల కిందటే పుస్తకానికెక్కాయి. ఆ పుస్తకం మన కాలేజీ లైబ్రరీల్లో ఎన్నింట ఉందో అధ్యాపక మిత్రులు ఒకసారి బీరువాలు తెరిచి చూడండి.

ఈ రాళ్లను చదివింది ఎవరు? మొదట దొరలు కాదు, పెద్ద పెద్ద పట్టాలున్న పండితులు కాదు. ఒక బడి పంతులు. ముఖలింగం పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగంలో చేరాడు. జీతం రాళ్లు అంతంతమాత్రం. పాత లిపి నేర్పే గురువు లేడు. తనంతట తాను పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకున్నాడు. కళింగనగరం అంటే కళింగపట్నమే అని ఫ్లీట్ వంటివాళ్లు అనుకుంటున్న కాలంలో, కాదు ముఖలింగమే అని శాసనాలు చూపించి వాదించాడు. నడగాం రాగిరేకుల్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించాడు. 1919లో సాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని గుర్తించింది కూడా ఆయనే. ఆగస్టు 29న గిడుగు జయంతి అని దండలేసి, వాడుక భాష గురించి నాలుగు ముక్కలు మాట్లాడి దిగిపోతాం. ఆయన మనకు ఊరు వెతికి పెట్టాడన్న సంగతి ఆ సభల్లో వినపడదు.

ఆ సాలిహుండం మాట కూడా చెప్పాలి. గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక కొండ. కొండ మీద స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. తవ్వకాల్లో దొరికిన తార, మారీచి, భృకుటి విగ్రహాల్ని అక్కడే మ్యూజియంలో పెట్టారు. కొండ మీద నిలబడితే వంశధార కనిపిస్తుంది, ఆ పక్కనే కళింగపట్నం రేవు. ఓడలెక్కి తూర్పు దేశాలకు పోయిన వర్తకుల్నీ భిక్షువుల్నీ ఊహించుకోవడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

దొరికిన చోటనే ఉంచారు కాబట్టి సాలిహుండం బొమ్మలు మనకు ఇంకా కంటికి ఆనుతున్నాయి. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. శ్రీకాకుళంలో బయటపడిన గాంగుల రాగిరేకులు 19వ శతాబ్దంలోనే మద్రాసు మ్యూజియానికి చేరాయి. ‘చికాకోల్ శాసనాలు’ అని ఫ్లీట్ ప్రచురించినవి అవే. అమరావతి శిల్పాలు సగం మద్రాసులో, సగం లండన్‌లో ఉన్నాయని అందరికీ తెలుసు. మన రాగిరేకులు పోయాయని ఏడ్చినవాడు కూడా లేడు. పోయిందని తెలిస్తే కదా ఏడవడానికి!

‘వలసలున్నాయి, కిడ్నీ జబ్బుంది, తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి తోటల బాధ ఉంది, ఈ మధ్యలో గుడి గోడలేమిటి?’ అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు 1936లో ఉంది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాను చీల్చారు. పర్లాకిమిడి అటు పోయింది. వద్దని పోరాడిన గిడుగు డెబ్బై దాటిన వయసులో ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఎక్కడో కూర్చుని పటం మీద గీత గీసేవాడికి మన కన్నీళ్లు కనపడవు. కాగితం కావాలి, రాయి కావాలి, ఆధారం కావాలి. అప్పట్లో ఆధారం చేతపట్టుకుని మాట్లాడగలిగిన వాళ్లు ఉన్నారు. ఇవాళ రాష్ట్రం గురించీ, వాటా గురించీ సభల్లో గొంతు చించుకునే మనలో ఆ పని చేయగలవాళ్లు ఎందరు?

గొప్పలు చెప్పుకోవడానికి మాత్రం తక్కువ లేదు. కళింగ వీరులమంటూ కుర్రాళ్లు బ్యానర్లు కడతారు. మంచిదే. ఇచ్ఛాపురం దాటి, బరంపురం దాటి ఋషికుల్య ఒడ్డున జౌగడకు వెళ్లి చూడండి. అశోకుడి శాసనాలు బండ మీద ఉన్నాయి. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపంతో రాయించిన పదమూడో శాసనం అక్కడ లేదు! ఓడిన జనం మధ్య దాన్ని పెట్టించలేదు. బదులుగా సమాపా అనే పట్టణంలోని అధికారులకు ప్రత్యేకంగా రెండు శాసనాలు చెక్కించాడు. కారణం లేకుండా ఎవర్నీ నిర్బంధించొద్దని, కోపం, అసూయ, తొందరపాటు, బద్ధకం విడిచి పని చేయమని. ఉద్యోగ మిత్రులు ఎల్.టి.సి. పెట్టుకుని ఎక్కడెక్కడికో వెళ్తారు. రెండు వేల రెండొందల ఏళ్ల కిందట ఈ నేల ఉద్యోగులకొచ్చిన ఆ సర్క్యులర్ కూడా ఒకసారి చూసి రండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. ముఖలింగం గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ‘పాడు చేస్తే శిక్ష’ అని బోర్డు పెడితే సరిపోదు. ఏ శాసనం ఎవరిదో, ఏ ఏటిదో, ఏం చెబుతుందో పిల్లలు చదువుకునేలా తెలుగులో రాసి పెట్టాలి. మద్రాసు నుంచి రాగిరేకులు రాకపోతే వాటి అచ్చులైనా తెచ్చి జిల్లాలో పెట్టాలి. ఇవి కోట్ల పనులు కావు.

అయితే సర్కారు కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. కవిటిలో తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరక ముందే ముఖలింగంలో ఉండొచ్చు. మూడు గుళ్లూ నిదానంగా చూసి, అన్నాలు తిని, మధ్యాహ్నం సాలిహుండం, సాయంత్రం కళింగపట్నం ఒడ్డు. పండగ రోజున కాదు, జనం లేని మామూలు రోజున వెళ్లండి. పిల్లల చేత నోటు పుస్తకాలు పట్టించండి, గోడ మీది అక్షరాల్లో తాము గుర్తుపట్టినవి రాసుకోమనండి. శాసనాల మీద సుద్ద రుద్దడం, పేర్లు గీకడం చేస్తే అక్కడే చెవి మెలిపెట్టండి. సాలిహుండం కొండెక్కేటప్పుడు మంచినీళ్లు వెంట ఉంచుకోండి.