పేరు తుడిచినా నిలిచే నమ్మకం

కర్లపాలెం నుంచి ఒక ముస్లిం కుటుంబం పిల్లల చదువు కోసం బాపట్లకు మారదలచిందనుకుందాం. అద్దె ఇల్లు చూసుకున్నారు. యజమాని వారిని ఎరుగడు. పక్కింటివారిని అడిగాడు, వారు మరొకరిని అడిగారు. చివరకు వీధి అంతటిదీ ఒకే మాట: ‘వాళ్ళకెందుకు లెండి!’ ఆ కుటుంబంతో ఒక్కరోజైనా మసలినవారు ఆ వీధిలో లేరు. అయినా తీర్పు ఏకగ్రీవం.

ఈ ఏకగ్రీవానికి విలువెంత? ఇది నీతికి సంబంధించిన ప్రశ్నే కాదు, గణితానికి సంబంధించినది కూడా. 2008లో రీడ్ ఆండర్సన్, మోషే టెన్నెన్‌హోల్ట్జ్ తదితర పరిశోధకులు నమ్మకం ఆధారంగా సిఫారసు చేసే వ్యవస్థలను కొన్ని స్వీకృతాల గీటురాయిపై పరీక్షించారు. ఎవరు ఎవరిని నమ్ముతారో, స్వానుభవంతో ఎవరు మంచి అన్నారో, ఎవరు చెడు అన్నారో తెలిసినప్పుడు, ఏమీ తెలియనివాడికి ఏమని చెప్పాలి? విడివిడిగా చూస్తే న్యాయంగా తోచే స్వీకృతాలు కొన్ని కలిసి ఒకే వ్యవస్థలో ఇమడవని వారు నిరూపించారు. అంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న.

వాటిలో రెండింటిని మాత్రం మనం వదులుకోరాదు. మొదటిది సౌష్ఠవం: మనుషుల పేర్లు మార్చినా తీర్పు మారకూడదు. రెండవది గుంపు భ్రమకు అడ్డుకట్ట: స్వానుభవం లేని గుంపు అంతా ఒకే మాట అంటే, ఆ గుంపు వెలుపల వారు నమ్మేవారిలో ఎక్కువమంది ఆ మాటను బలపరచాలి. ఒకరినొకరు చూసుకుని తలలూపడం సాక్ష్యం కాదు.

హదీసు పండితులకు ఈ వివేకం శతాబ్దాల క్రితమే ఉంది. ఇస్నాద్‌లోని ప్రతి ఉల్లేఖకుని సత్యసంధతనూ జ్ఞాపకశక్తినీ వారు విడివిడిగా పరిశీలించారు. తరువాతి తరాల్లో ఎన్ని నోళ్ళు పలికినా, మూలంలో ఉన్నది ఒక్కడే అయితే దానిని ఒక్కని ఉల్లేఖనంగానే లెక్కించారు.

నేటి సంస్థలలో ఈ జాగ్రత్త ఏదీ? ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల మండలాలుగా గుర్తించి, అక్కడ రుణాలను సులభంగా ఇవ్వడం లేదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తిచూపింది. అక్కడ తూచినది మనిషిని కాదు, అతని వీధిని. రేపు అదే పని యంత్రం చేస్తే, పక్షపాతానికి లెక్క అనే మర్యాద కూడా తోడవుతుంది.

కనుక రుణమైనా, ఉద్యోగమైనా, అద్దె ఇల్లైనా, నిరాకరించేవారు ఏ ఆధారంతో నిరాకరించారో చెప్పాలని మనం డిమాండ్ చేయాలి. ఆ హక్కు కోరే ముందు మన ఇంటినీ సరిచూసుకోవాలి. ఒక పేద విద్యార్థికి సహాయం సిఫారసు చేసేటప్పుడు మన జమాఅత్ పెద్దలు అతని అవసరాన్ని చూస్తున్నారా, లేక వంశాన్నీ బంధుత్వాన్నీ చూస్తున్నారా? దరఖాస్తు మీది పేరును చేత్తో కప్పి మళ్ళీ చదవండి. అప్పుడూ అదే నిర్ణయం వస్తే అది న్యాయం. మారితే, మనం ఇతరులలో తప్పుపట్టిన దోషమే మనలోనూ ఉన్నట్లు.