మూఢనమ్మకం ఎవరిది?

తండావాళ్లు డాక్టర్లను నమ్మరట, మూఢనమ్మకాలట. మీటింగుల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది. నమ్మబట్టే కదా ఎల్లారెడ్డి తండాల ఆడవాళ్లు బస్సెక్కి కామారెడ్డి దాకా పోయింది! మా వదిన తెల్లబట్ట అవుతున్నదని పోయింది. డాక్టర్ స్కానింగ్ చూసి, "క్యాన్సర్ అయితది, గర్భసంచి తీసెయ్యాలె" అన్నడు. ముప్పై ఏండ్లకే తీసేసిండ్రు. అండాశయాలు కూడా తీసిన సంగతి, డిశ్చార్జి కాగితం చదివి నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు. ఇప్పుడు ఒళ్లంతా వేడి ఆవిర్లు, నడుంనొప్పి. కూలికి పోయే శక్తి లేదు. తెచ్చిన అప్పుకు మాత్రం వడ్డీ పెరుగుతనే ఉన్నది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏండ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.2 మంది, తెలంగాణలో 7.7 మంది. మన ఆడవాళ్ల గర్భసంచులకే ఇంత రోగమా? అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ కాగితం ఏ తండాకు వచ్చింది?

మాకు అవగాహన సదస్సులు పెట్టే సార్లు ముందు ఆస్పత్రుల ఆపరేషన్ రిజిస్టర్లు తెరవాలె. ఏ వయసుకు, ఏ రోగానికి, ఎవరికి చెప్పి కోసిండ్రో తండా నడుమ నిలబడి చదవాలె.