స్వేచ్ఛ ఎవరో "ఇచ్చారు" అని చెప్పేవాళ్లను ఈ తేదీలు అడగండి



అమెరికాలో బానిసలకు స్వేచ్ఛ ఎవరిచ్చారు? పోటీ పరీక్షల పుస్తకాల్లో జవాబు ఒక్కటే: అబ్రహాం లింకన్. ఆ జవాబు రాస్తే మార్కు పడుద్ది. కానీ అదే నమ్ముకుని కూర్చుంటే, ఎవరో ఒక మంచి దొర వచ్చి మన బతుకు మార్చేదాకా చేతులు కట్టుకుని ఎదురుచూడటం అలవాటవుద్ది. అందుకే అసలేం జరిగిందో ఒకసారి చూడండి.

1861 మార్చిలో లింకన్ అధ్యక్షుడయ్యేనాటికి దాదాపు 40 లక్షల మంది నల్లజాతి మనుషులు బానిసత్వంలో ఉన్నారు. బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి పోనని తొలి ప్రసంగంలోనే ఆయన మాటిచ్చాడు. ఏప్రిల్లో అంతర్యుద్ధం మొదలైంది. దేశం ముక్కలవకుండా చూడటానికే ఈ యుద్ధం అన్నారు.

మరి విముక్తి మాట ఎక్కడ మొదలైంది? మే నెలలో, వర్జీనియాలో. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలొరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో తప్పించుకుని, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో చేరారు. పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వాళ్లను తిరిగి అప్పగించాలని యజమాని మనిషి వచ్చి అడిగాడు. అక్కడి జనరల్ బట్లర్ వృత్తిరీత్యా వకీలు. వర్జీనియా వేరే దేశమైపోయానని చెప్పుకుంటోంది కాబట్టి ఆ చట్టం వర్తించదన్నాడు. శత్రువు యుద్ధపనికి వాడుకుంటున్న సొత్తు కింద వాళ్లను ఉంచేసుకున్నాడు.

గమనించారా? ఆ లెక్కలోనూ మనిషి సొత్తే! అయినా తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ సందులోంచి వందలు, తర్వాత వేల మంది వచ్చారు. ఇంతమంది వచ్చి నిలబడితే ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చక తప్పదు కదా. ఆగస్టులో మొదటి జప్తు చట్టం వచ్చింది. 1862 మార్చిలో, పారిపోయి వచ్చినవాళ్లను సైన్యం తిరిగి అప్పగించకూడదని చట్టం చేశారు. ఏప్రిల్లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయింది. పరిహారం ఎవరికిచ్చారో తెలుసా? యజమానులకు, తలకు 300 డాలర్ల దాకా! తరతరాలు చాకిరీ చేసినోళ్లకు వెనకటి కూలి పైసా లేదు.

1863 జనవరి 1న విముక్తి ప్రకటన వచ్చింది. అది తిరుగుబాటు ప్రాంతాలకే. దేశంతోనే ఉన్న కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్‌లకు వర్తించలేదు. ఇది చూపించి "అదంతా ఒట్టి నాటకం" అనేవాళ్లు మన కుర్రాళ్లలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ ప్రకటన నల్లవాళ్లకు సైన్యం దారి తెరిచింది. దాదాపు 1,80,000 మంది చేరారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, వీళ్లకు కోతలు పోను 7. మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ ఆ జీతం ముట్టకుండానే పోరాడింది. 1864 జూన్‌లో కాంగ్రెస్ సమాన జీతం ఒప్పుకుంది.

యుద్ధకాలపు ఉత్తర్వు యుద్ధమయ్యాక కోర్టులో నిలుస్తుందో లేదో. అందుకే రాజ్యాంగ సవరణ కావాలన్నారు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సుసాన్ ఆంథొనీ నడిపిన మహిళా సంఘం దాదాపు 4 లక్షల సంతకాలు సేకరించింది. 1864 ఏప్రిల్లో సెనేట్ ఒప్పుకుంది. జూన్‌లో ప్రతినిధుల సభలో మూడింట రెండు వంతుల ఓట్లు రాక ఓడింది. వదిలేశారా? లేదు. నవంబరు ఎన్నికల్లో దాన్నే జనం ముందు పెట్టి గెలిచారు. అవతలి పార్టీ సభ్యుల్ని ఒక్కొక్కరినీ పట్టుకుని ఒప్పించారు. 1865 జనవరి 31న 119-56తో నెగ్గింది. డిసెంబరు 6న రాష్ట్రాల ఆమోదం పూర్తయింది.

ఆ ముగ్గురు పడవ ఎక్కకపోతే చట్టం కదిలేది కాదు. చట్టం కదలకపోతే ఆ ముగ్గుర్నీ మళ్లీ పట్టి ఇచ్చేసేవాళ్లు. "చట్టమే చూసుకుంటుంది" అనేవాళ్లకీ, "చట్టంతో పనేంటి" అనేవాళ్లకీ ఇదే నా జవాబు.

ఇంకో మాట. ఆ 13వ సవరణలోనే ఒక మినహాయింపు దూరింది: నేరానికి శిక్షగా తప్ప. యుద్ధమయ్యాక దక్షిణాది రాష్ట్రాలు పనిలేకుండా తిరగడాన్ని నేరం చేశాయి. నల్లవాళ్లను పట్టుకుని, ఖైదీలుగా తోటలకూ గనులకూ అద్దెకిచ్చాయి. ఒక్క చిన్న వాక్యం సందులోంచి బలవంతపు చాకిరీ మళ్లీ లోపలికొచ్చింది.

కాబట్టి ఎవరైనా మీ ముందుకొచ్చి "మేం ఇచ్చాం" అంటే చప్పట్లు కొట్టేముందు అడగండి: దీన్ని మొదట అడిగిందెవరు? దీనికి ఎన్నేళ్లు పట్టింది? "తప్ప" అనే మాట ఎక్కడుంది? కాగితం చేతికి తీసుకుని చివరి అక్షరం దాకా చదవండి. చదివినోళ్లు పక్కవాళ్లకు చదివి వినిపించండి.