అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక పాత నిబంధనను రద్దు చేసింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్నదే ఆ నిబంధన. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే 30 తర్వాత మూడో బిడ్డను కన్నవారు వార్డు మెంబరుగా కూడా నిలబడలేకపోయారు. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు మాత్రం ఈ లెక్క ఎప్పుడూ లేదు!

రద్దయినందుకు సంతోషమే. కానీ దెబ్బ ఎవరికి తగిలిందో మరచిపోలేం. మహిళలకు మూడో వంతు సీట్లు, దళితులకు, ఆదివాసీలకు రిజర్వేషన్లు ఇచ్చింది ఆ చట్టమే. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నారు. కొడుకు పుట్టేదాకా కనమని భర్త, అత్తగారు పట్టుబడితే కాదనగలిగే కోడళ్లు ఎంతమంది? పదవి కోసం భార్యను వదిలేసినవారు, బిడ్డను దత్తతకు ఇచ్చేసినవారు, గర్భం తీయించినవారు ఉన్నారని ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ జరిపిన అధ్యయనం ఎప్పుడో చెప్పింది. అయినా 2003లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఇలాంటి నిబంధననే సమర్థించింది.

చైనా దశాబ్దాలపాటు ఒక్కరే అంది, 2016లో ఇద్దరంది, 2021లో ముగ్గురంది. మనది ప్రజాస్వామ్యం కదా అనుకుంటాం. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి.

ఇప్పుడు గాలి తిరిగింది. ఆంధ్రలో సంతానరేటు 1.7కు పడిపోయింది. జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం దక్షిణాదిని పట్టుకుంది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారికే పోటీ అర్హత ఇచ్చే ఆలోచన ఉందని ముఖ్యమంత్రి 2024 అక్టోబరులో అన్నారు. అంటే కొరడా అదే, కొట్టే వైపు మారింది. గర్భం మీద రాజు హుకుం చెల్లదని షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఫరోకు ఏనాడో చూపించారు.

ఆంధ్రలో పెళ్లైన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఆపరేషన్ అయ్యిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెబుతోంది. మగవారి ఆపరేషన్లు నామమాత్రం. అనంతపురం, కర్నూలు నుంచి బెంగళూరుకు వలస వచ్చి ఇటుకలు మోస్తున్న తల్లులను మూడో బిడ్డను కనమనే ముందు, ఉన్న ఇద్దరినీ ఎవరు చూసుకుంటున్నారో అడగాలి. యాభైమందికి మించి ఆడకూలీలున్న సైట్‌లో పిల్లల కోసం గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ఏనాడో చెప్పింది. బిడ్డకింత అని ప్రోత్సాహకాలు ప్రకటించే ముందు ప్రభుత్వాలు సైట్లలో పిల్లలకు అలాంటి ఏర్పాటు జరిగేలా చూడాలని మేము కోరుతున్నాం. మూడో బిడ్డ కారణంగా ముప్పై ఏళ్లు పంచాయతీ గడప తొక్కలేకపోయిన స్త్రీలకు జరిగింది అన్యాయమని ఒప్పుకోవాలని కూడా.